పాదాలు లేని అక్షరం

పోయిన వారం మన అక్షరాలావిడను నాటకశాల ఎదురుగా ఫుట్‌పాత్ మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో, తల పైకెత్తి చూస్తుండగా వదిలేసి మన దారిన మనం వచ్చేశాం. పాపం, మనల్ని తిట్టుకునే తీరిక కూడా ఆమెకు లేదు. ఆమె చూస్తున్నది ఒక మరకను. ముఖద్వారం మీద తెల్లటి పోర్టికో స్లాబు, దాని అంచున వరసగా నిలబడిన ఇనుప ఇంగ్లీషు అక్షరాలు, వాటిలో సున్నాలాంటి గుండ్రటి అక్షరం అడుగునుంచి గోధుమరంగులో కిందికి జారిన ఒక చార. వేలెడంత ఉంటుంది. రోడ్డు మీద పోయేవాళ్లెవరికీ అది కనబడదు. కన్నతల్లికి బిడ్డ ఒంటి మీద దద్దురు కనబడ్డట్టు ఆమెకు కనబడింది.

కథలోకి ఇవాళే అడుగుపెట్టినవాళ్ల కోసం రెండు ముక్కలు. ఆ అక్షరాలు ఆమె గీసినవి. ఇంట్లో వాటి పేరు ‘సన్నలావు’. నిలువు గీతలు బాగా లావు, అడ్డగీతలు వెంట్రుకంత సన్నం. నాన్న సైన్‌బోర్డులు రాసే రోజుల్లో చదును కుంచెను కిందికి లాగితే లావు గీత, పక్కకు లాగితే సన్న గీత వచ్చేది. ఆ కుంచె నడకను పట్టుకుని ఆమె ఏళ్ల తరబడి కంప్యూటరు ముందు కళ్లు కాయలు కాచేలా కూర్చుని ఒక్కొక్క అక్షరమూ గీసింది. చిన్న సైజులో అచ్చేస్తే ఆ సన్న గీతలు మాయమైపోతాయి. అవి పోస్టర్ల మీద, పుస్తకాల అట్టల మీద, భవనాల మీద పెద్దగా కనబడడానికే పుట్టినవి. అక్షరం కొసల్లో ఉండే చిన్న పాదాలను ఆ పనివాళ్లు సెరిఫ్‌లంటారు. వాటిని కూడా ఆమె రేకంత పల్చగా గీసింది.

కొత్త నాటకశాలవాళ్లు ముచ్చటపడి తమ పేరును ఆ అక్షరాల్లోనే పెట్టించుకున్నారు. మనిషికన్నా ఎత్తున, ఇనుముతో వాటిని చేసినవాడు ఆమె తమ్ముడు. ప్రారంభం ఈ సాయంత్రమే. లైట్లు వేసేది వాళ్ల నాన్న. జీవితమంతా నిచ్చెనల మీద గడిపిన మనిషి కాబట్టి మోకాళ్లు అరిగిపోయాయి. కూర్చుంటే మళ్లీ లేవడానికి ఒకరి చెయ్యి కావాలి. ఆయన తల వెనక గుండ్రటి అక్షరం పడేలా ఫొటో తీయాలని కమిటీవాళ్లు స్విచ్చు బల్లను పోర్టికో అంచుకు ముందు, సరిగ్గా దాని కిందే వేయించారు.

ఇంకొక్క సంగతి, అసలు సంగతి. అన్ని అక్షరాలకూ పాదాలున్నాయి, ఆ పాదాలను బోల్టులతో స్లాబుకు బిగించారు. గుండ్రటిదానికి పాదాలుండవు. లావుపాటి పక్కలు రెండు, వాటిని కలుపుతూ పైనొక సన్న వంపు, కిందొక సన్న వంపు. కింద వంపు మీదే మొత్తం బరువు నిలవాలి. అందుకని తమ్ముడు వెనకనుంచి రెండు ఆసరా కడ్డీలు పెట్టాడు. మధ్య ఖాళీలోంచి కడ్డీలు కనబడుతున్నాయని, లైటు వేస్తే వాటి నీడ సన్న గీతకు అడ్డంగా పడుతోందని అక్క పట్టుబట్టి పీకించింది. పీకించి ఊరుకుందా, పనివాళ్లందరి ముందూ, “నీకు ఇనుము తెలుసు గానీ అక్షరం తెలీదురా” అంది. ఆ రోజునుంచీ అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు.

*

తమ్ముడి షెడ్డు రెండు వీధుల అవతల. ఆమె నడిచిందో పరుగెత్తిందో ఆమెకే తెలీదు. మామూలు రోజుల్లో గ్రైండరు మోత వీధి మలుపు దాకా వినబడుతుంది. ఇవాళ చీమ చిటుక్కుమన్నా వినబడేలా ఉంది. పనివాళ్లకు సెలవిచ్చేసి, సాయంత్రం కోసం కొన్న తెల్ల చొక్కా అప్పుడే వేసేసుకుని, మసి స్టూలు మీద పాత పేపరు పరుచుకుని వాడు ఊరికే కూర్చుని ఉన్నాడు. వాడు ఊరికే కూర్చోవడం వాడు పుట్టాక ఆమె చూడలేదు.

“కడ్డీలెక్కడ పెట్టావురా?” అంది. వారం తర్వాత మొదటి మాట అదీ.

తమ్ముడు తలెత్తాడు. “ఎందుకూ?”

“ఉన్నాయా, తుక్కులో వేసేశావా?”

వాడు మూలకు చూపించాడు. రెండు కడ్డీలూ గోడకు ఆనించి ఉన్నాయి. తుడిచి, కొత్తగా రంగు వేసి ఉన్నాయి. వాటి బోల్టులు విడిగా ఒక ప్లాస్టిక్ సంచిలో, సంచి మూతికి ముడేసి ఉన్నాయి. పనికిరాదని పక్కన పడేసిన సామానుకు ఎవరూ ఇంత సేవ చెయ్యరు.

“వీటికి రంగెందుకు వేశావ్?”

తమ్ముడు స్టూలు మీద పేపరు మడత సరిచేసుకున్నాడు.

“అక్కడ మరక పడిందిరా. గుండ్రటిదాని కింద.”

“రంగు కారుంటుందిలే.”

“రంగులాయన కూతుర్నిరా నేను. రంగేదో తుప్పేదో నాకు తెలీదా?”

వాడు చొక్కా చేతిమీద లేని దుమ్ము దులుపుకున్నాడు. అప్పుడే మరదలు క్యారేజీతో గుమ్మంలోకి వచ్చింది. వదినగారి మొహం చూసింది, మొగుడి మొహం చూసింది, క్యారేజీ బల్ల మీద పెట్టింది.

“మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?” అంది మొగుడితో. “వారం రోజులుగా కంటిమీద కునుకు లేదు వదినా ఈయనకి. పక్కలో దొర్లుతూనే ఉన్నారు. నాకేదో చెప్పి, మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. ఒట్టు గట్టుమీద పెట్టేస్తున్నా. చెప్పండి.”

తమ్ముడు లేచి నిలబడ్డాడు. చెప్పేటప్పుడు అక్క మొహం చూడలేదు, కడ్డీల వైపు చూశాడు.

“కడ్డీలు తీసినరోజు కింద వంపు చూశా. రంగు పొంగింది. స్క్రూడ్రైవరుతో పొడిచా. లోపలికి దిగిపోయింది.”

“ఎంత?”

“దిగిపోయిందంటున్నాగా. ఒక పక్కయితే ఇనుమే లేదు, తుప్పు పొట్టే ఉంది. లప్పం పెట్టి, సాపు చేసి, పైన రంగేశా.”

ఆమె నోట వచ్చింది మాటలా లేదు, అరుపులా ఉంది.

“లప్పమా? గోడ పగుళ్లకి పెట్టే లప్పమా? ఒరేయ్, దాని కింద నాన్న నిలబడతాడురా సాయంత్రం! ఊరు ఊరంతా దానికిందనుంచే లోపలికి పోవాలి! నీకసలు బుద్ధుందా? నా మీద కోపముంటే నన్ను తిట్టు, చెంప పగలగొట్టు, మనుషుల ప్రాణాలతో ఆడతావా?”

“కోపం కాదే!” తమ్ముడూ అరిచాడు. “కోపమూ ఉంది. లేదనను. నీకు ఇనుము తెలుసు, అక్షరం తెలీదు అన్నావుగా, ఇనుము సంగతి ఇనుము తెలిసినవాడు చూసుకుంటాడులే అనుకున్నా. కానీ చెప్తే ఏం చేసేదానివి? అక్షరం దింపించేదానివి. పేరులో పన్ను ఊడినట్టు సందు పెట్టుకుని ఫొటోలు దిగేదానివి. ఎన్నేళ్లు గీశావే దాన్ని! ఆ ఒక్క సాయంత్రం నిలబడితే చాలనుకున్నా. గాలీ వానా లేకపోతే నిలబడుద్ది. రేపు పొద్దున్నే నేనే వెళ్లి కడ్డీలు పెట్టేద్దామని రంగేసి రెడీగా ఉంచా.”

ఆమెకు వాడి మీద జాలీ కోపమూ ఒకేసారి వచ్చాయి. రెండిట్లో కోపానిదే పైచేయి అయింది.

“కొత్త ఇనుము అంత త్వరగా ఎలా తినేసిందిరా? చెత్త రేకు వేశావా?”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. తమ్ముడి మొహం ఒక్కసారిగా మారిపోయింది. మరదలు, “వద్దండీ” అంది మెల్లగా. వాడు వినలేదు.

“మిగతా అక్షరాలూ ఆ రేకే. వాటికేం కాలేదు. దీనికే ఎందుకు పట్టిందో నీకు తెలీదా? వానాకాలమంతా అది ఎక్కడ కూర్చుందో ఆలోచించు.”

ఆలోచించక్కర్లేకపోయింది. ఆమెకు తెలిసిపోయింది.

గుండ్రటి అక్షరాన్ని మిగతా అక్షరాలతో సరిగ్గా సమానంగా గీత మీద నిలబెడితే, చూసే కంటికి అది పొట్టిగా, నేలనుంచి కాస్త లేచినట్టు ఉంటుంది. కొలబద్ద సరే అంటుంది, కన్ను కాదంటుంది. అందుకని దాన్ని గీత కిందికి ఒక పిసరు దింపాలి. నాన్న దాన్ని ‘దింపు’ అంటాడు. ఆమె పలక పట్టిన వయసులో చేతిలో కుంచె పెట్టి నేర్పిన మొట్టమొదటి సంగతి అదే. కాగితం మీద దింపితే ఎవరికీ ఏమీ కాదు. సిమెంటు స్లాబులో దింపాలంటే గాడి కొట్టాలి. కొట్టించింది. సుద్దముక్కతో తనే గీత గీసి, మోకాళ్ల మీద కూర్చుని, ఇంకాస్త, ఇంకాస్త అంటూ కొట్టించింది.

ఆ రోజు తమ్ముడు ఒక మాట అన్నాడు. గాడిలో నీళ్లు నిలుస్తాయక్కా, ముందుకు చిన్న బెజ్జం పెడతాను, కారిపోతాయి అన్నాడు. వద్దంది. తెల్లటి అంచు మీద బెజ్జం నల్లగా, అక్షరం కింద చుక్క పెట్టినట్టు కనబడుతుందంది. ఆ తర్వాత వానలు మొదలయ్యాయి. ఆమె గొడుగు వేసుకుని వచ్చి, ఎదుటి ఫుట్‌పాత్ మీద నిలబడి, తడిసిన అక్షరాలు ఎంత బాగున్నాయో అని మురిసిపోయింది కూడా.

ఆమె స్టూలు మీద కూలబడింది. పాత పేపరు కింద మసి చీరకు అంటుకుంటోందని మరదలు చెప్పబోయి మానేసింది.

“నేనేరా,” అంది ఆమె. “నేనే తినిపించాను దాన్ని.”

అలా అనేటప్పుడు ఆమె ఏడవలేదు. ఏడిస్తే కాస్త తేలికపడేదేమో. ఎన్ని ఏళ్లుగా ఆ కింద వంపును పల్చన చేస్తూ వచ్చిందో, ఇంకా సన్నం, ఇంకా సన్నం అని తెల్లకాగితాల మీద ఎన్నిసార్లు అచ్చు తీసి గోడకు అంటించుకుందో, అవన్నీ గుర్తొచ్చాయి. ఎవరైనా మెచ్చుకుంటే ఆ వంపునే మెచ్చుకునేవాళ్లు. ఇంత బరువు ఇంత సన్నటి దాని మీద ఎలా నిలబడిందండీ అని ఆశ్చర్యపోయేవాళ్లు. ఆ మాటకు ఆమె పొంగిపోయేది.

తమ్ముడి కోపం కూడా దిగిపోయింది. “నేను బెజ్జం పెట్టేయాల్సింది,” అన్నాడు. “నువ్వు చూడకుండా పెట్టేయాల్సింది. నీ మాటకు ఎదురాడలేక ఊరుకున్నా.”

“ఎవరు ఎంత వెధవపని చేశారో రేపు కూర్చుని తేల్చుకోండి,” అంది మరదలు. ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. ఆ ఇంట్లో అంత తిన్నగా ఆలోచించే మనిషి ఆవిడొక్కతే. “ఇప్పుడు ఆ కడ్డీలు పెట్టేయండి. నేను ఇంటికెళ్లి మామయ్యను కదలనివ్వకుండా కూర్చోబెడతా. మీరు ఫోన్ చేసేదాకా గుమ్మం దాటనివ్వను.”

*

నాటకశాల మేనేజరు మంచివాడే. కాకపోతే ఏ ముప్పునైనా మర్నాటికి నెట్టెయ్యొచ్చని నమ్మే మనిషి. మెట్ల దగ్గర కుర్చీలు సర్దిస్తూ కనబడ్డాడు. ఆమె ఒక్క గుక్కలో చెప్పింది, పోర్టికో కిందికి ఎవరినీ రానివ్వొద్దంది, జనాన్ని పక్క తలుపునుంచి పంపమంది.

“అమ్మా, పొద్దుటినుంచీ అందరూ చూసి ఆహా ఓహో అంటున్నారు. మీరొక్కరే ఇలా అంటున్నారు,” అన్నాడాయన.

“గీసింది నేనండీ. చెడగొట్టింది కూడా నేనే. నా మాట నమ్మండి.”

“నమ్మాను. రేపు ఉదయాన్నే...”

“రేపటికి అది మీ నెత్తిన ఉంటుంది.”

ఆయన ఒకసారి పైకి చూసి, తెలీకుండానే రెండడుగులు పక్కకు జరిగాడు. “పక్క తలుపు సామాన్లది మేడం, పెద్దపెద్దవాళ్లను అటునుంచి ఎలా పంపను? సర్లెండి, మీరు పని కానివ్వండి. అందాకా ఈ దారికి అడ్డంగా ఏదో ఒకటి పెట్టిస్తా,” అన్నాడు.

అన్నట్టే పెట్టించాడు. లోపలినుంచి చేతుల కుర్చీ ఒకటి మోయించుకొచ్చి, పోర్టికో అంచుకు ముందు, దారికి నడిమధ్య, స్విచ్చు బల్ల పక్కనే వేయించాడు. కుర్చీ అడ్డం ఉంటే మనుషులు అటు రారని ఆయన లెక్క. ఆమె ఆ కుర్చీని చూసింది. చూసి, సరే ఏదో ఒకటి పెట్టారు కదా అనుకుని మెట్లెక్కింది. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ క్షణం దగ్గరికొచ్చేసరికి ఆమె అక్కడే ఆగిపోయేది.

పై అంతస్తు కిటికీలోంచి స్లాబు మీదికి దిగాలి. తమ్ముడు ముందు దిగి కడ్డీలు, డ్రిల్లింగ్ మిషను, తాడు అందుకున్నాడు. తెల్ల చొక్కా అప్పుడే నల్లబడింది. దగ్గరనుంచి చూస్తే అక్షరాలు అక్షరాల్లా లేవు. నీలంరంగు ఇనుప గోడల్లా ఉన్నాయి. గుండ్రటిదాని వెనక ఇద్దరూ మోకాళ్ల మీద వంగారు. గాడిలో ఇంకా తడి ఉంది, పోయిన వారం పడ్డ జల్లు తాలూకు తడి. వానాకాలం దాటిపోయిందని ఊరంతా అనుకుంటోంది. గాడికి ఆ సంగతి తెలీదు.

తమ్ముడు గోటితో లప్పం గీకాడు. బిస్కెట్టు ముక్కలా ఊడి వచ్చింది. కింద ఉన్నది ఇనుమని చెప్పడానికి లేదు.

“కడ్డీలు బిగించెయ్,” అంది ఆమె.

“బెజ్జాలేవీ?”

ఆమె స్లాబు మీద వెతికింది. పాత బోల్టుల బెజ్జాలు ఎక్కడా లేవు. వాటిని సిమెంటుతో పూడ్పించి, మీద తెల్ల రంగు కొట్టించింది ఎవరో వేరే చెప్పాలా? కడ్డీలు పోయాక బెజ్జాలు మాత్రం ఎందుకు, అసహ్యంగా అని కొట్టించింది.

తమ్ముడు ఆ మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. మిషను తీసి, సిమెంటు మీద ఆనించి, మీట నొక్కాడు. నొక్కీ నొక్కగానే గుండ్రటి అక్షరం పై వంపునుంచి కింద వంపు దాకా గజగజా వణికింది. లప్పం పెచ్చు ఒకటి ఊడి, అంచు దాటి, కింద మెట్ల మీద టప్‌మని పడింది. తమ్ముడు మీట వదిలేశాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి దాన్నే చూస్తూ ఉండిపోయారు.

“మిషను పెడితే మనమే పడేసినట్టు,” అన్నాడు వాడు.

“మరి?”

“ఒకటే దారి. వెనక్కి పడుకోబెట్టడం. పై వంపుకి తాడేసి, లోపల స్తంభానికి కట్టి, మెల్లగా స్లాబు మీదికి వాల్చెయ్యాలి. కానీ వాలేటప్పుడు కింద వంపు ఉండదు. తెగిపోద్ది. మళ్లీ అతకడానికుండదక్కా. మొత్తం కొత్తగా చేసుకోవాలి.”

ఆమె ఆ అక్షరాన్ని చూసింది. వెనకనుంచి కూడా అందంగానే ఉంది, దరిద్రపుది. మధ్య ఖాళీలోంచి వీధి, ఎదుటి ఫుట్‌పాత్, ఒంటరిగా నిలబడ్డ సైకిలు కనబడుతున్నాయి. సాయంత్రం ఆ ఫుట్‌పాత్ నిండా మనుషులుంటారు. పత్రికలవాళ్లుంటారు. ఇంకా కొంచెంసేపు, ఫొటో తీసేదాకా, ఒక్క ఫొటో అయ్యేదాకా ఆగకూడదా అని ఆమెకు అనిపించింది. నిజంగానే అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

“పడుకోబెట్టెయ్‌రా,” అంది.

“ఆలోచించుకో.”

“ఆలోచించే ఇంత దూరం తెచ్చాను. పడుకోబెట్టు.”

తమ్ముడు తాడు మెలిక వేసి పై వంపులోంచి దూర్చాడు. రెండో కొస పట్టుకుని కిటికీ వైపు వెళ్తూ, “నేను లోపల కట్టి, బిగించి, సరే అనేదాకా నువ్వు వెనకనుంచి రెండు పక్కలూ పట్టుకో. బరువంతా నీ మీద వేసుకోకు. ముందుకు వాలకుండా నీ వైపు లాగి ఉంచు, చాలు,” అన్నాడు. కిటికీలోకి ఎక్కి లోపలికి దిగిపోయాడు.

ఆమె రెండు చేతులూ చాచి లావుపాటి పక్కలు రెండిటినీ పట్టుకుంది. ఎండకు ఇనుము సుర్రుమంది. ఎన్ని ఏళ్లుగానో వాటిని గీస్తోంది, చెరుపుతోంది. వాటి బరువు ఒంటికి తెలియడం ఇదే మొదలు. నడుముకు దోపిన ఫోను మోగింది. చేతులు వదల్లేదు. అది ఆగి మళ్లీ మోగింది. ఒక చెయ్యి మడిచి, భుజం ఆనించి, ఎలాగో తీసి చెవికి పెట్టుకుంది.

“వదినా,” మరదలి గొంతు ఆయాసంతో ఉంది. “మామయ్య ఇంట్లో లేరు. జనం రాకముందే అక్షరాల్ని తీరిగ్గా చూసుకోవాలని ముందే బయల్దేరారట. పక్కింటివాళ్లు చెప్పారు. చాలాసేపయిందట.”

ఆమె మధ్య ఖాళీలోంచి వీధి చూసింది. ఎవరూ లేరు. మెడ సాచి, అంచు మీదుగా కిందికి చూసింది.

చేతుల కుర్చీలో నాన్న కూర్చుని ఉన్నాడు.

దారికి అడ్డంగా వేసిన కుర్చీ అది. ముసలాయన దాన్ని చూసి, తన కోసమే వేశారనుకుని, మర్యాద తెలిసిన మనుషులని మెచ్చుకుని, హాయిగా చేరగిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, దువ్విన తల. ఒళ్లో రెండు చేతులూ పెట్టుకుని, కళ్లు చికిలించి, తన నెత్తిమీదున్న అక్షరాన్ని పసిపిల్లాడిలా చూస్తున్నాడు.

“నాన్నా!” అని అరిచింది. “లే! అక్కణ్నుంచి లే నాన్నా!”

“నువ్వు పైనున్నావా అమ్మాయ్!” ఆయన మొహం విప్పారింది. “లేస్తాలే. లేవాలంటే ఎవరో ఒకరు రావాలిగా. మేనేజరుగారు కాఫీ తెస్తానని వెళ్లారు, వచ్చి లేపుతారు. బ్రహ్మాండంగా ఉందే! నా కుంచె నడక నాకు కనబడుతోంది. చచ్చినా ఫరవాలేదనిపిస్తోంది.”

“ఒరేయ్ తమ్ముడూ!” కిటికీ వైపు తిరిగి గొంతు చించుకుంది. “కట్టావా? నాన్న కింద ఉన్నాడు! కట్టావా?”

లోపలినుంచి స్తంభం చుట్టూ తాడు రాసుకుంటున్న చప్పుడు. “ఒక్క నిమిషం!” అన్న గొంతు. ఆమె కాళ్ల దగ్గర తాడు ఇంకా వదులుగా, చుట్టలు చుట్టలుగా పడి ఉంది.

“ఒక్కటే,” అన్నాడు నాన్న కిందనుంచి. ఆయన ఎప్పుడు మెచ్చుకున్నా ఆ వెనక ‘ఒక్కటే’ అని ఒకటి ఉంటుంది. చిన్నప్పుడు ఆ మాటకే ఆమె ఏడ్చేది. “గుండ్రటిదానికి దింపు కాస్త ఎక్కువిచ్చావమ్మాయ్.”

“నాన్నా, నీకు దణ్ణం పెడతా, కుర్చీతో సహా పక్కకి జరుగు!”

“ఎక్కువే. నేను చెప్పింది ఒక పిసరు కదా. ఇది...” ఆయన మాట ఆపేశాడు. తల ఒక పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి, బొటనవేలు ఎత్తి, బోర్డు కొలిచినట్టు కొలిచాడు. ఆ వేలు అలాగే గాలిలో ఉండిపోయింది. మళ్లీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో మెచ్చుకోలు లేదు, తప్పు పట్టడమూ లేదు.

“అమ్మాయ్,” అన్నాడు చాలా నెమ్మదిగా. “నేను వచ్చినప్పుడు ఇంత లేదు.”

ఆమె పట్టుకున్న ఇనుములో కదలికేమీ తెలియలేదు. చేతులు, భుజాలు, పళ్లు అన్నీ బిగబట్టి తన వైపుకు లాగింది.

“ఇదిగో,” అన్నాడు నాన్న. కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి లేవబోయాడు. సగం లేచి మళ్లీ కూలబడ్డాడు. “ఇప్పుడు ఇంకాస్త దిగింది.”

అప్పుడు చేతుల్లో ఇనుము దిగడం ఆమెకు కూడా తెలిసింది.